పదిహేడో వరుస

లాయరమ్మ ఇంకా కోర్టు నుంచి రాలేదు, ఒక గంట పట్టొచ్చు, కూర్చోండి అని గుమాస్తా చెప్పినప్పుడు ఆమెకు విసుగు రాలేదు సరికదా ఒళ్ళంతా కాస్త వదులైంది. ఒక గంట. ఇంకో గంట దాకా తను దివాలా తీసిన మనిషి కాదు. బెంచీకి ఆ చివర కూర్చుని, కుడి మోకాలు ముడుచుకోదు కాబట్టి కాలు ముందుకు చాపి, ఒళ్ళో ఫైలు, ఫైలు మీద ఫారం పెట్టుకుంది. ఇంట్లోనే నింపుకుని రమ్మన్నారు. అప్పిచ్చినవారి పేరు, చిరునామా, ఎంత, ఎప్పటిది, మీకేమవుతారు. ఐదు గడులు. పదహారు వరుసలు నిండాయి, నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో, బళ్ళో దస్తూరీకి మార్కులు తెచ్చుకున్న పిల్లలా రాసింది అన్నీ. బ్యాంకులు, కార్డులు, కారు మీద అప్పిచ్చిన ఫైనాన్సు, ఫోన్లో బొమ్మ నొక్కితే డబ్బు వేసే కంపెనీలు. ఆఖరి గడిలో అన్నిటికీ ఒకటే మాట, ఏమీ కారు, ఏమీ కారు, ఏమీ కారు. పదిహేడో వరుస ఖాళీగా ఉంది. నాలుగు రోజులుగా ఖాళీగానే ఉంది.

పైన ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి ఎవరికిస్తోందో తెలియదు. నేలకు గచ్చు, గోడకు ఆకుపచ్చ రంగు, మంచినీళ్ళ డబ్బా పక్కన ఒకే ఒక్క గ్లాసు గొలుసుతో కట్టేసి ఉంది. ఇక్కడికొచ్చేవాళ్ళ మీద అంత నమ్మకం. నవ్వు రాబోయి ఆగిపోయింది. కుడి పాదం నేలను నొక్కుతోంది, చూసుకుని తీసేసింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటే కాళ్ళ దగ్గర తనకొక బ్రేకు ఉంటుంది, వాళ్ళ కాలు ఆలోచించేలోపు తన కాలు నొక్కేస్తుంది, అందుకే పిల్లలూ పెద్దలూ అందరూ బ్రేకు మేడమ్ అనే పిలుస్తారు, అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు. ఎంతమందిని ఆపింది! గేటు గుద్దబోయిన డాక్టరుగారిని, పాలవ్యాను కిందికి పోబోయిన కొత్త పెళ్ళికూతుర్ని, పరీక్షలో మూడుసార్లు తప్పి నాలుగోసారి కూడా రివర్సులో కళ్ళు మూసుకున్న ఆ పెద్దాయన్ని. తనొక్కతే తనని ఆపుకోలేకపోయింది, అనుకుంది. అనుకుని, ఈ మాట ఎన్నిసార్లనుకున్నానో, చాలించు, అని తనను తనే కసురుకుంది.

ఒక్క కారు చాలదా నీకు, అన్నాడు అన్నయ్య. ఆరేళ్ళ కిందటి మాట. చాలేది కాదు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి ఎనిమిదింటిదాకా బండి ఖాళీ ఉండేది కాదు, వచ్చినవాళ్ళను వచ్చే నెల రండి అని పంపాల్సొచ్చేది, అమ్మాయి నర్సింగు చదువు ముందుంది, దాని నాన్న ఎప్పట్నుంచో ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం చేసుకుంటున్నాడు. రెండో కారు తీసుకుంటే తప్పేముంది? తప్పేమీ లేదు. రెండేళ్ళు బాగానే నడిచింది, నేర్పడానికొక కుర్రమాస్టర్ని కూడా పెట్టుకుంది. ఆ తర్వాత ఒక సోమవారం. కాలేజీ లెక్చరరు ఒకావిడ బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కింది, తను బ్రేకు తొక్కుతూనే ఉంది, బండి కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది, ఆవిడకేమీ కాలేదు, తన మోకాలు రెండు ముక్కలు. మూడు నెలలు మంచం. ఆ మూడు నెలల్లో కుర్రమాస్టరు నేర్చుకునేవాళ్ళ నంబర్లన్నీ పట్టుకుపోయి పక్కవీధిలోనే సొంత బోర్డు పెట్టాడు. పోనీ తిట్టుకుందామంటే వాడికీ పిల్లలున్నారు. కారు వాయిదా కట్టడానికి ఒక కార్డు గీసింది, ఆ కార్డుకు కట్టడానికి ఇంకో కార్డు, దానికి ఫోన్లో అప్పు, ఫోన్లో అప్పుకు ఫోన్లోనే ఇంకో అప్పు. ఒకదాని నోట్లోంచి తీసి ఇంకోదాని నోట్లో పెట్టడమే పని, తన నోటికి అందినదేమీ లేదు. సరుకులు, ఆస్పత్రి, ఫీజు, అంతే. ఒక చీర కొన్నానా, ఒక ఊరు వెళ్ళానా అని రాత్రులు లెక్క వేసుకుంటే, ఏదైనా సరదాగా తగలేసి ఉంటే కనీసం అదైనా మిగిలేది కదా అనిపించేది.

ఫోన్లు. మొదట్లో ఎంత మర్యాద! గుడ్ మార్నింగ్ మేడమ్, మీ వాయిదా గుర్తు చేద్దామని. తర్వాత గుడ్ మార్నింగ్ పోయింది, తర్వాత మేడమ్ పోయింది. చివరికి తన ఫోన్లో ఉన్న నంబర్లకన్నిటికీ చేశారు. ఎప్పుడో పదేళ్ళ కిందట నేర్చుకుపోయిన మనుషులకు కూడా. మేడమ్, ఎవరో మీ గురించి చాలా అసహ్యంగా మాట్లాడుతున్నారు, మీకు తెలియాలని చెప్తున్నా, అని ఒకావిడ గొంతు తగ్గించి చెప్పింది. తనకు రోడ్డు దాటడానికి భయమని ఏడుస్తూ వచ్చి, చివరికి హైవే మీద పాటలు పాడుకుంటూ నడిపిన మనిషి ఆవిడ. ఆవిడకు ఏం చెప్పాలి? థ్యాంక్సమ్మా అంది. కాలు బాగుందా మేడమ్ అని అడిగింది ఆవిడ. ఆ ఒక్క ప్రశ్నకు కారు పక్కకాపి పావుగంట కూర్చోవలసొచ్చింది.

"మీరూ ఐపీయేనా?"

పక్కనున్నాయన. షుగరు డాక్టరు దగ్గర మీకూ షుగరేనా అని అడిగినట్టే అడిగాడు. ఇనుపసామాన్ల కొట్టుండేదట, గుమాస్తాతో చెప్తుంటే ఇందాక విన్నది. చొక్కా జేబులో నాలుగు పెన్నులున్నాయి, కొట్టు పోయినా పెన్నులు పోలేదు.

"ఆఁ. మీరెన్నిసార్లొచ్చారు?"

"ఇది మూడోది. మొదటిసారి వచ్చి మెట్ల మీంచే వెళ్ళిపోయానమ్మా. దివాలా కేసులు అన్న బోర్డు చదివి. మా నాన్న ఎవరినైనా తిట్టాలంటే వీడు ఐపీ పెట్టే రకం అనేవాడు. అంతకన్నా పెద్ద తిట్టు ఆయనకు రాదు."

ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు ముందు ఆగిపోయింది.

తను కూడా మెట్ల మీంచి వెళ్ళిపోవాలనే చూసింది, నెల కిందట. మోకాలు సహకరించక మధ్యలో నిలబడిపోతే పైనుంచి లాయరమ్మే దిగుతూ కనిపించి, నా కోసమేనా, రండి, నెమ్మదిగా ఎక్కండి, అంది. చిన్న మనిషి, నెరిసిన జుట్టు, చేతిసంచిలో చెప్పుల జత ఒకటి అదనంగా. కుర్చీలో కూర్చోబెట్టి మొదటగా అడిగింది ఎంత అప్పని కాదు. బ్యాంకులతో మాట్లాడారా, వాయిదాలు తగ్గించమని, గడువు పెంచమని? మాట్లాడాను, రెండుసార్లు రాసిచ్చాను. ఏమన్నారు? చూస్తామన్నారు, ఆ అర్జీకి ఫీజని ఇంకొంత అప్పులో కలిపారు. అలాగా. మీకొచ్చేదెంత, తిండికీ అద్దెకూ పోయేదెంత, మిగిలేదాంతో ఎన్నేళ్ళలో తీరుతుంది, మీరే వేయండి, అని కాగితం ఇటు తోసింది. వేసింది. ముప్పై నాలుగేళ్ళు. వడ్డీ అక్కడే ఆగితే. తనకప్పుడు ఎనభై మూడొస్తాయి. లాయరమ్మ నవ్వలేదు, జాలి కూడా చూపించలేదు, అందుకే ఆవిడంటే నమ్మకం కుదిరింది.

"ఇవాళ్టి నుంచి కార్డులు గీకకండి, ఒక్కటి కూడా. కట్టే ఉద్దేశం లేకుండా వాడారంటారు. కారు అమ్మాయి పేర మార్చడం, నగ చుట్టాలింట్లో దాచడం, అలాంటివేమైనా మనసులో ఉంటే ఇప్పుడే తీసేయండి. అవన్నీ వెనక్కి లాగుతారు, మీ మీదే తప్పవుతుంది."

"పాత కారు తీసుకుపోతారా మేడమ్? దాని మీద అప్పేం లేదు. రెండు బ్రేకులుంటాయి దానికి. అదే నా అన్నం."

"పనిముట్టు కింద అడుగుదాం. పాతదంటున్నారు, విలువ తక్కువే ఉంటుంది, వదిలేయొచ్చు. మాట మాత్రం ఇవ్వను. కొత్తది పోతుంది. ఫోన్లు చేసేవాళ్ళతో వాదించకండి, నా నంబరివ్వండి, అంతే. జరిమానాలు, పన్నులు, అవి పోవు. మీ పేరు మీద మచ్చ కొన్నేళ్ళుంటుంది, ఎవరూ అప్పివ్వరు."

"ఇవ్వకపోతేనే మంచిది," అంది తను, గభాలున. అప్పుడు నవ్వింది లాయరమ్మ.

ఆ నవ్వు మీద ధైర్యం చేసి అడిగింది. చుట్టాల దగ్గర తీసుకున్నది రాయకపోతే? అది నేను విడిగా ఇచ్చేసుకుంటాను, మెల్లగా. లాయరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అందరూ ఇదే అడుగుతారండీ, అంది. బ్యాంకును ముంచడానికి ఎవరూ బాధపడరు, అక్కకో బావకో దగ్గరకొచ్చేసరికి కలం ఆగుతుంది. ఇంతే, ఇంకేమీ లేవు అని ప్రమాణం చేసి సంతకం పెడతారు మీరు. ఒక్కటి దాచారని తేలినా మొత్తం కొట్టేయచ్చు. మీవాళ్ళకు ముందిచ్చి మిగతావాళ్ళకు చెయ్యూపడం కుదరదు. అంతా అయి, కోర్టు మిమ్మల్ని విడుదల చేశాక, మీ కష్టార్జితంలోంచి ఎవరికిస్తారో మీ ఇష్టం, అప్పుడెవరూ అడగరు. కానీ ఇప్పుడు రాయాలి. రాసినవాళ్ళందరికీ ఇంటికి నోటీసు వెళ్తుంది.

ఇంటికి నోటీసు వెళ్తుంది. నెల నుంచీ ఈ మూడు ముక్కలే చెవిలో. అన్నయ్యింట్లో ఉత్తరాలు అన్నయ్యే విప్పుతాడు. చింపడు, కత్తెరతో అంచు మట్టంగా కోస్తాడు, కాగితం మడత విప్పి వెలుతురుకు తిప్పి పట్టుకుంటాడు. పైనుంచి కిందికి చదువుతాడు, తొందరలేదు. చదివాక అరవడు. అరిస్తే బాగుణ్ణు. వదిన ఒకసారి వాళ్ళ అమ్మకు కళ్ళ ఆపరేషనుకు తనకు చెప్పకుండా డబ్బు పంపిందని అన్నయ్య నాలుగు నెలలు ఆవిడతో మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే బల్ల, నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ వదిన రేడియో పెట్టుకునేది, మనిషి గొంతు వినపడాలని.

ఆ వదిన దగ్గర తీసుకుంది. అదే పదిహేడోది.

మోకాలికి కట్టుతో మంచం మీదున్న రోజులు. వదిన చూడ్డానికొచ్చి, కాసేపు దుప్పటి సర్ది, మందులు చూసి, కిటికీ తలుపు తీసి, మళ్ళీ మూసి, చేతిసంచిలోంచి బట్టలకొట్టు కవరొకటి తీసి దిండు కింద పెట్టేసింది. పోస్టాఫీసులోది, నాది, అంది. తను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నాదే, ఆయనది కాదు. ఇరవై రెండేళ్ళుగా ఇంటి వరండాలో చాపేసుకుని ఇరుగుపొరుగు పిల్లలకు లెక్కలు చెప్తోంది వదిన. నెలకింత అని పిల్లల తల్లులు చేతిలో పెడితే సగం ఇంట్లో ఇచ్చి సగం దాచుకుంది. అన్నయ్య దృష్టిలో అది కాలక్షేపం. ఎవరైనా అడిగితే, మావిడ ఊరికే కూర్చోలేక చెప్తుందండీ, అంటాడు. కాగితం రాసుకుందాం వదినా, అంది తను. వద్దు. కాగితం ఉంటే కనపడుతుంది. అంతే అంది వదిన, గ్లాసులో నీళ్ళు పోసి మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడి చూసింది.

కనపడుతుంది. కనపడకూడదనే కదా ఇచ్చింది. ఇప్పుడు తనే ఊరూ వీధీ ఇంటి నంబరుతో సహా రాసి, కోర్టు ముద్రతో ఆ ఇంటికే పంపించాలి. రాయకపోతే? ఎవరికి తెలుస్తుంది? కాగితం లేదు, సాక్షి లేడు, బట్టలకొట్టు కవరు ఎప్పుడో చెత్తలో పోయింది. వదిన ఎప్పటికీ అడగదు. ఫారం పదహారుతో ముగుస్తుంది, సంతకం పెట్టేస్తే అన్నీ ఆగిపోతాయి, ఫోను మోగినా గుండె ఆగినట్టుండదు, అమ్మాయి హాస్టలు నుంచి చేస్తే అమ్మాయేనని తెలుస్తుంది. ఒక్క అబద్ధం, అదీ ఒకరి కాపురం కోసం. ఇంకా ఎంత మంచి అబద్ధం కావాలి? కానీ ఆలోచన అక్కడ ఆగడం లేదు. మూడేళ్ళుగా చెప్పినవన్నీ మంచి అబద్ధాలే. అమ్మాయితో బాగానే ఉన్నానంది. అన్నయ్యతో రెండో కారు బాగా నడుస్తోందంది. బ్యాంకువాళ్ళతో శుక్రవారం అంది, ఎన్ని శుక్రవారాలు! ఒంట్లో ఓపిక ఎక్కడ పోయిందా అని చూసుకుంటే పనిలో పోలేదు, మోకాలితో పోలేదు, ఎవరికేం చెప్పానో గుర్తుపెట్టుకోవడంలో పోయింది. ఈ పదిహేడోదాన్ని కూడా గుర్తుపెట్టుకుని దాచాలి, కోర్టులో అడిగితే దాచాలి, ఏడాది తర్వాత అడిగితే దాచాలి. తన వల్ల కాదు. అది మంచితనం కాదు, భయం కూడా కాదు. అలసట, అంతే.

గుమాస్తా తలెత్తి చూసి, పావుగంటలో వచ్చేస్తారు, బయల్దేరారట, అన్నాడు. ఆమె లేచింది. ఫైలు చంకలో పెట్టుకుని, బెంచీ పట్టుకుని, గోడ పట్టుకుని, మెట్ల దగ్గరకు నడిచి వదినకు ఫోను చేసింది.

"చెప్పవే," అంది వదిన. వెనకాల వాషింగ్ మెషీన్ తిరుగుతున్న చప్పుడు. "ఏంటి అలా ఊపిరి పీలుస్తున్నావ్? పడ్డావా?"

"పడలేదు. వదినా, నేను ఐపీ పెడుతున్నాను. లాయరు దగ్గరే ఉన్నాను."

మెషీన్ చప్పుడు ఆగింది. వదినే ఆపినట్టుంది.

చెప్పేసింది. ముందొకటి వెనకొకటిగా, ఫారం, గడులు, ప్రమాణం, నోటీసు. వదిన ఆఖరిదాకా విన్నది. లెక్క మొత్తం చదవడం అయ్యేదాకా పిల్లల్ని పెన్సిలు ముట్టుకోనివ్వదు ఆవిడ.

"అంటే నా డబ్బు పోయినట్టేనా?"

"పోయినట్టే. నూటికి ఆరో ఏడో వస్తాయట, అవీ ఎప్పుడో."

"ఎంతని రాస్తున్నావ్?"

"లక్షా ఎనభై."

"కాదు. లక్షా అరవై. ఇరవై వేలు తిరిగిచ్చావు, మూడేళ్ళ కిందట కూడబెట్టుకుని తెచ్చి. వద్దంటే విన్నావా? అది తియ్యి." నోట్లోనే ఏదో గుణించుకుంది. "ఆరు చొప్పునైతే తొమ్మిది వేల ఆరొందలు."

"వదినా, నేను తర్వాతైనా..."

"తర్వాతది తర్వాత. కోపం లేదనుకోకు. ఉంది. ఇప్పుడు కాదు." వదిన గొంతు కొంచెం దూరమై మళ్ళీ దగ్గరైంది, తలుపు మూసినట్టు వినపడింది. "ఉత్తరం ఎన్నాళ్ళకొస్తుంది?"

"రెండు మూడు వారాలట."

"రెండా, మూడా?"

"రెండనుకో."

"సరే. ఆదివారం నేనే చెప్తాను. ఉత్తరం చదివి తెలుసుకోవడం వేరు, నేను చెప్పడం వేరు. మాట్లాడ్డం మానేస్తాడు. మానెయ్యనీ. నాకు మాత్రం నోరు లేదా, నేను మాట్లాడుకుంటూ పోతాను."

ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. క్లచ్ వదలకండి, అనుకుంది, అలవాటు కొద్దీ.

"ఇంకోటి అడుగుతా," అంది వదిన. "దాంట్లో ఎవరి పేరు రాస్తావ్? ఆయన పేరా, నా పేరా?"

"నీ పేరే. ఇచ్చింది నువ్వు కదా."

"ఫలానావారి భార్య అని రాయాలా?"

ఫారం చూసింది. "అలాంటి గడి లేదు. పేరు, చిరునామా, నాకేమవుతావో, అంతే."

అవతల ముక్కు చీదిన చప్పుడు. ఏడుస్తోందా అని భయమేసింది కానీ వదిన గొంతు మామూలుగానే వచ్చింది, ఇంకాస్త గట్టిగా కూడా.

"ఇరవై రెండేళ్ళు చెప్పాను పాఠాలు. నా సంపాదన ఇదీ అని ఒక్క కాగితంలో లేదు. రేషన్ కార్డులో లేదు, ఇంటి పన్నులో లేదు. ఇది కోర్టు కాగితమే కదా?"

"కోర్టు కాగితమే వదినా."

"అయితే పూర్తిగా రాయి. పొట్టి చెయ్యకు. పోస్టాఫీసు పుస్తకంలో ఉన్నట్టు మొత్తం రాయి."

మెట్ల మీదే కూర్చుని రాసింది. పేరు పెద్దది, గడిలో పట్టలేదు, చివరి రెండక్షరాలు గీత దాటి పక్క గడిలోకి వెళ్ళాయి. చిరునామా. లక్షా అరవై వేలు. తేదీ వదినే చెప్పింది, వారంతో సహా. మీకేమవుతారు అన్నచోట వదిన అని రాసి, సిరా ఆరేదాకా ఊదింది. పై పదహారింటి పక్కనా ఏమీ కారు, ఏమీ కారు అని ఉంటే, ఆ ఒక్క మాట వాటి కింద ఒంటరిగా కనపడింది.

లాయరమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, ఇక్కడ కూర్చున్నారేంటండీ, అని తనే చెయ్యిచ్చి లేపింది. లోపల కుర్చీలో కూర్చోబెట్టి, కోటు తీసి కుర్చీకి తగిలించి, ఫారం ముందుకు లాక్కుంది. ఒక్కో వరుస మీద పెన్సిలు ఆనిస్తూ పైనుంచి కిందికి వచ్చింది. పదిహేడో దగ్గర పెన్సిలు ఆగింది. తలెత్తి చూసింది.

"ఆవిడకు చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"పేరు పొట్టి చెయ్యొద్దన్నారు."

లాయరమ్మ ఆ రెండక్షరాలు గీత దాటినచోట చిన్న గుర్తు పెట్టి, టైపు చేసేటప్పుడు గడి పెద్దది చేయమని గుమాస్తాకు కేకేసి చెప్పింది. తర్వాత అంకెలు కూడింది, రెండుసార్లు. "మొత్తం పదమూడు లక్షలు. ఇంత గుండ్రంగా నాకెవరూ తేలేదు," అంది. కాగితం ఇటు తిప్పి, సంతకం చేయాల్సినచోట వేలు పెట్టి, అప్పటిదాకా ఉన్న గొంతు మార్చి, ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్న అడిగింది.

"ఇంకేమైనా ఉన్నాయా? ఎవరిదైనా, ఎంతైనా, మర్చిపోయినవి, చెప్పనివి?"

ఆమె ఆలోచించింది. నిజంగానే, ఒక్కో గదిలోకి వెళ్ళి దీపం వేసి చూసినట్టు, మూలమూలలా వెతికింది.

"లేవు," అంది.

అని సంతకం పెట్టబోతుంటే ఆవలింత వచ్చింది. దవడలు నొప్పెట్టేంత, కళ్ళవెంట నీళ్ళొచ్చేంత పెద్ద ఆవలింత. చెయ్యి అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. లాయరమ్మ వేలు తీయకుండా, అది అయ్యేదాకా ఆగింది.